గంజి గరిటె నుంచి మస్టరు దాకా: కరువు నేలలో విద్యార్థుల సేవ

స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆవరణలో వేపచెట్టు, లెక్కల సారు బెత్తం, కబడ్డీలో గెలిచిన కప్పులు, వీటి గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు మన సంఘంలో ఉన్నారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాబట్టి వేరే పని పెట్టుకున్నాను. మన నేల మీద ఆకలి వచ్చినప్పుడల్లా దాన్ని తీర్చడానికి ఏం చేశారు, అందులో చదువుకునే పిల్లల పాత్ర ఎప్పుడు మొదలైంది, వాళ్లు చేసిన దాంట్లో ఏది నిలిచింది అన్నదే ఈ వ్యాసం. ఆ పనిలో నాకూ ఒక చిన్న భాగం ఉంది. దాన్ని నేను సరిగా చేయలేదు. అదీ రాస్తాను.

ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది

మన జిల్లాకు రెండు రుతుపవనాలూ దూరపు చుట్టాలే. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని, మన దాకా వచ్చేసరికి తేలికైపోతాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరానికి ఇచ్చినంత మనకు ఇవ్వదు. సముద్రం నుంచి మనం చాలా లోపల ఉన్నాం. ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటని చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనమంతా.

అసలు చిక్కు వాన మొత్తంలో కంటే దాని వరుసలో ఉంది. జూన్, జూలైలలో నాలుగు చినుకులు పడితే శెనక్కాయ విత్తుతారు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. లోతులేని ఎర్రనేల, తేమను నాలుగు రోజులు కూడా పట్టి ఉంచలేదు. పంట పోతే రైతు అప్పుల పాలవుతాడు. అతనికంటే ముందు కూలి మనిషికి పని పోతుంది. కలుపు లేదు, కాయ పీకేది లేదు, కాయ వలిచేది లేదు.

అందుకే మన దగ్గర ఆకలి అంటే అంగట్లో గింజలు లేకపోవడం ఒక్కటే కాదు, గింజలు కొనడానికి చేతిలో కూలి డబ్బు లేకపోవడం. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినవన్నీ సులభంగా అర్థమవుతాయి.

ధాత కరువు కొలతలు

మా జేజి తన చిన్నతనంలో పెద్దవాళ్ల నోట విన్న ధాత కరువు కథలు చెప్పేది. చరిత్ర పుస్తకాల్లో దాన్ని 1876-78 మహాక్షామం అంటారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. మనం బళ్లారి జిల్లాలో ఉన్నాం, 1882లో వేరయ్యాం. మద్రాసు నుంచి గుత్తి మీదుగా రాయచూరుకు వెళ్లే రైలు దారి 1871కే వచ్చింది. గింజలు రైల్లో రాగలవు. కొనేవాడి చేతిలోనే ఏమీ లేదు.

అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు సొంత గాదెలు తెరిచి అన్నం పెట్టించిన కథ సీమంతా తెలుసు. అది ఒక మనిషి ధర్మం. ధాత కరువులో ప్రభుత్వం చేసింది వేరు. పని పెట్టి కూలి ఇచ్చింది. రాళ్లు కొట్టించింది, మట్టి మోయించింది. కూలి ఎంత ఇవ్వాలన్నది పెద్ద తగువైంది. భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకంటే తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కష్టం చేసే మనిషి బతకాలంటే కనీసం 680 గ్రాముల గింజలు, వాటికి తోడు పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. చివరికి ఆ మార్చిలో 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు అని పెంచారు.

ఆ తర్వాత 1880లో క్షామ కమిషన్ నివేదిక, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి. ఎప్పుడు పని తెరవాలి, ఎవరికి పని ఇవ్వాలి, పని చేయలేని ముసలివాళ్లకు, జబ్బుమనుషులకు ఉచితంగా ఎలా ఇవ్వాలి అని రాసి పెట్టారు. అంతా కొలతలు, జాబితాలు. అయితే జాబితా రాసేవాడు ఒకడు, జాబితాలో ఉండేవాడు ఇంకొకడు. మట్టి మోసినవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు అరుదు. తన పేరు కింద ఎన్ని రోజులు పడ్డాయో, తవ్విన గుంత ఎంతని రాశారో చదివి చెప్పే మనిషి కూలివాడి పక్కన లేడు. ఆ ఖాళీలోకి చదువుకునే పిల్లలు రావడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

గంజి కేంద్రాలు

1950ల మొదట్లో వరసగా వానలు లేక సీమ మళ్లీ ఎండింది. 1952లో ఊరూరా గంజి కేంద్రాలు వెలిశాయి. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. మా నాయన వాటి ముందు గిన్నె పట్టుకుని నిలబడినవాడే. ఆ మాట ఆయన జీవితంలో ఒక్కసారే చెప్పాడు, అదీ నాకు ఉద్యోగం వచ్చిన రోజున. రామారావు గారు, ఇతర సినిమా నటులు ఊళ్లు తిరిగి రాయలసీమ కోసం చందాలు వసూలు చేసింది ఆ కరువులోనే. మన తరిమెల బిడ్డ విద్వాన్ విశ్వం గారు ఈ పెన్న ఒడ్డు బతుకుల మీదే 'పెన్నేటి పాట' కావ్యం రాశారు.

అనంతపురంలో దత్తమండల కళాశాల 1916 నుంచీ ఉంది. మనం ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీ అంటాం. అంటే చదువుకునే కుర్రవాళ్లు ఉన్నారు, వాళ్లలో మంచి మనసు ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఒక వరసలో పెట్టి ఊళ్లకు పంపే పెద్ద ఏర్పాటు మాత్రం 1969లో వచ్చింది. గాంధీజీ శతజయంతి ఏడాదిలో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. ఎన్.ఎస్.ఎస్. అంటే అందరికీ తెలుస్తుంది. విసెంట్ ఫెర్రర్ గారు అనంతపురం వచ్చి పని మొదలుపెట్టింది కూడా ఆ 1969లోనే.

1972లో దేశమంతా వానలు తప్పాయి. మరుసటి ఏడాది ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పెట్టిన పేరు 'కరువుపై యువత'. తర్వాత కొన్నేళ్లు మురికి, రోగాల మీద, ఆ పైన గ్రామ పునర్నిర్మాణం మీద శిబిరాలు జరిగాయి. ఎన్.ఎస్.ఎస్. కాలేజీ పిల్లలకే. మేము హైస్కూలు వాళ్లం. కానీ కరువు మా ఇళ్లలోనే ఉంది, శిబిరం కోసం దూరం పోనక్కరలేదు.

నేను రాసిన లిస్టు

1973 వేసవి. నేను తొమ్మిదో తరగతి పూర్తి చేశాను. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు పెట్టే పచ్చరంగు మక్క ఉప్మా సెలవులతో ఆగిపోయింది. అమెరికా నుంచి వచ్చిన పిండి, నూనెలతో కేర్ సంస్థ పేరు మీద పెట్టే ఆ ఉప్మా రుచి మన వయసువాళ్లు ఎవరూ మరిచిపోలేదు. అది ఆగితే కొన్ని ఇళ్లలో పిల్లలకు పగటి కూడు లేనట్టే. మా తెలుగు సారు, ఊళ్లో ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి జొన్నలు, కొర్రలు పోగు చేసి, రోజూ మధ్యాహ్నం గంజి కాయించాలనుకున్నారు. పదకొండు మంది పిల్లలం చేరాం. కట్టెలు తెచ్చేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గరిటె పట్టేవాళ్లు అని పంచుకున్నాం. నా దస్తూరి బాగుంటుందని సారు నాకు లిస్టు పని ఇచ్చారు. ఉన్న గింజలు నూటయాభై మందికి మించి రావు కాబట్టి, కరువు పనికి పోయే మనిషి లేని ఇళ్లు చూసి పేర్లు రాయమన్నారు.

నేను వీధి వీధి తిరిగి రాశాను, వంక దాకా. వంక దాటొద్దని మా అవ్వ చెప్పింది. ఆ మాటకు అర్థం ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వంక అవతలి వాడలో ఎవరెవరు ఉన్నారో ఇవతల గట్టు మీద నిలబడి, అటు నుంచి వస్తున్న ఒకాయనను అడిగి రాసుకున్నాను. ఆయనకు గుర్తొచ్చిన పేర్లు చెప్పాడు. నాకు కాగితం నిండింది. చాలా శుభ్రంగా, కొట్టివేతలు లేకుండా రాశాను.

మొదటి రోజు వరస చివర ఒకామె సత్తుగిన్నె పట్టుకుని వచ్చింది. చంకలో బిడ్డ, పక్కన ఇంకో బిడ్డ. పేరు వెతికాను, లేదు. లేదని చెప్పాను. ఆమె ఏమీ అనకుండా పక్కకు పోయి నిలబడింది. రెండో రోజూ వచ్చింది. మళ్లీ అదే చెప్పాను. అబద్ధం ఎందుకు, ఆ రోజు నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది. నియమం ప్రకారం నడుపుతున్నాను అనుకున్నాను.

మూడో రోజు సారు చూశారు. ఆ ముగ్గురికీ తానే గంజి పోసి, ఆమె తాగేదాకా ఆగి, ఆ తర్వాత నన్ను పిలిచారు. కోప్పడలేదు. "ఆమె ఇల్లు ఎక్కడుంది?" అని అడిగారు. నాకు తెలియదు. ఆమెనే అడగమన్నారు. అడిగాను. వంక అవతల చివరి గుడిసె. భర్త రెండేళ్ల కిందట పోయాడు. వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చిన మనిషి, వాడలో సొంతవాళ్లు ఎవరూ లేరు. ఆ దారినపోయే పెద్దమనిషికి ఆమె గుర్తురాలేదు. "మరి నీ పేరు ఎందుకు రాయించుకోలేదు?" అని అడిగాను.

"రాసేటోడు మా దిక్కు రాకపోతే పేరెట్లా ఎక్కుతాదప్పా?" అంది.

ఆ సాయంత్రం వంక దాటాను. సారు వెంట రాలేదు, నన్నే పొమ్మన్నారు. ఆ వాడలో ఇంకో నాలుగు ఇళ్లు నా లిస్టులో లేవు. మరుసటి రోజు గంజి కొంచెం పలచబడింది, అంతే. పలచబడిన గంజి గురించి ఎవరూ ఏమీ అనలేదు. మా అవ్వ మాత్రం నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత చరిత్ర చదువుతూ టెంపుల్, కార్నిష్‌ల తగువు గురించి తెలుసుకున్నప్పుడు నాకు ఆమె గిన్నే గుర్తొచ్చింది. 450 గ్రాములా, 680 గ్రాములా అని తెల్లదొరలు కొట్లాడుకున్నారు. అది అవసరమైన తగువే. కానీ పేరు ఎక్కని మనిషికి ఆ లెక్క ఏదైనా సున్నానే.

గుంత కొలిచే పని

డిగ్రీకి వచ్చాక ఎన్.ఎస్.ఎస్.లో చేరాను. 1977లో కేంద్ర ప్రభుత్వం పనికి ఆహార పథకం మొదలుపెట్టింది. కూలిలో భాగంగా గింజలు ఇచ్చేవాళ్లు. మేము పది రోజుల శిబిరానికి పోయిన ఊళ్లో చెరువు పూడిక తీస్తున్నారు. మేమూ తట్టలు మోశాం. మా అరచేతులు మూడో రోజుకే బొబ్బలెక్కాయి. కూలివాళ్లు నవ్వి, "మీరు కూచోండప్పా, మాకు అడ్డం" అన్నారు. వాళ్ల మాట నిజమే. పదిమంది విద్యార్థులు ఒక రోజంతా మోసిన మట్టి ఇద్దరు కూలివాళ్లు మధ్యాహ్నం లోపల మోసేస్తారు.

మాకు చేతనైన పని వేరే ఉందని నాలుగో రోజు తెలిసింది. మట్టి పనికి కొలతను బట్టి కూలి కడతారు. గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మను తవ్వకుండా వదిలేస్తారు. దాని ఎత్తే గుంత లోతుకు సాక్ష్యం. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే ఘనపు కొలత వస్తుంది. గట్టినేలకు ఒక ధర, మెత్తనేలకు ఒక ధర. ఈ లెక్క మాకు ఏడో తరగతిలోనే వచ్చు. తవ్వినవాళ్లకు రాదు. సాయంత్రం పూట టేపు పట్టుకుని కొలిచి, లెక్క కట్టి, "మీ గుంపుకు ఇంత రావాలి" అని చెప్పడం మొదలుపెట్టాం. పది రోజుల్లో మేము మోసిన మట్టి ఎవరికీ గుర్తుండి ఉండదు. ఆ లెక్క మాత్రం ఆ ఊళ్లో ఇద్దరు కుర్రవాళ్లు నేర్చుకున్నారు.

జాబితా లేని పళ్లెం, చదివి వినిపించే జాబితా

ఆ తర్వాత దేశంలో రెండు మంచి మార్పులు వచ్చాయి. రెండూ మన జిల్లాను తాకాయి.

మొదటిది మధ్యాహ్న భోజనం. 1995 ఆగస్టు 15న జాతీయ పథకం వచ్చినప్పుడు చాలాచోట్ల పిల్లలకు నెలకు మూడు కిలోల గింజలు కొలిచి ఇచ్చి పంపేవాళ్లు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలందరికీ వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. ఇందులో గొప్పతనం 'పిల్లలందరికీ' అన్న మాటలో ఉంది. బడిలో కూర్చున్న బిడ్డకల్లా పళ్లెం. పేదవాడా కాదా అని వెతికే లిస్టు లేదు, వంక లేదు. 2023లో ఉదయం పూట రాగి జావ కూడా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మన గంజి బడికి తిరిగొచ్చిందని నవ్వుకున్నాను. ఈసారి వరస చివర ఎవరూ పక్కకు పోయి నిలబడలేదు.

రెండోది ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ గారు దాన్ని ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. అడిగిన గ్రామీణ కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని అని అప్పుడు ఆ చట్టం మాట ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ చట్టంలో సామాజిక తనిఖీ అనే ఇంకో మాట ఉండింది. దాన్ని పెద్ద ఎత్తున చేసి చూపింది మన రాష్ట్రమే. కూలి కుటుంబాల్లో చదువుకున్న కుర్రవాళ్లకు, ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టరు రోళ్లు పట్టుకుని ఇంటింటికీ పోయి, "నీ పేరు మీద ఇన్ని రోజులు రాసి ఉంది, చేశావా? ఇంత డబ్బు వచ్చిందని ఉంది, అందిందా?" అని అడిగేవాళ్లు. తర్వాత సభలో అందరి ముందు చదివేవాళ్లు. ధాత కరువు నాడు కూలివాడి పక్కన లేని ఆ మనిషి చివరికి వచ్చాడు. వాడు బయటివాడు కాదు, ఆ కూలివాడి కొడుకో కూతురో.

విద్యార్థులు అన్నం పట్టుకుని ఇంటికే పోయిన ఉదాహరణ కూడా మన పక్కనే ఉంది. పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థల పిల్లలు 2000 నుంచి దసరా రోజుల్లో గ్రామసేవ పేరుతో పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు మండలాల ఊళ్లకు పోయి ప్రసాదం, బట్టలు పంచుతున్నారు. అందులో నాకు నచ్చింది, వాళ్లు పేదల ఇళ్లు ఏరుకోకుండా ప్రతి గడపకూ పోవడం. అందరి గడపా తొక్కేవాడికి లిస్టుతో పని లేదు.

మన సంఘం ముందున్న పని

మన సంఘం ఏటా వార్షికోత్సవం నాడు అన్నదానం చేస్తోంది. అది ఆగకూడదు. కానీ ఆకలి ఏడాదికి ఒక్క రోజు రాదు. ఇప్పుడు ఊళ్లలో గంజి వరసలు కనబడవు నిజమే. దాని బదులు చౌకధర దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడని అవ్వలు ఉన్నారు. మట్టి పని చేసి చేసి వేళ్లు అరిగిపోయిన చేతులవి. బెంగళూరుకు వలస పోయి వచ్చేసరికి కార్డులో పేరు పోయినవాళ్లు ఉన్నారు. పాసుపుస్తకంలో ఏం పడిందో చదువుకోలేనివాళ్లు ఉన్నారు. జాబితా కాగితం మీది నుంచి కంప్యూటరులోకి పోయింది. దాన్ని చదివిపెట్టే మనిషి అవసరం పోలేదు.

అందుకని స్వర్ణోత్సవ నిధిలో కొంత ఈ పనికి పెట్టాలని నా కోరిక. మన బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఒక బృందం కడదాం. నెలకు ఒక ఆదివారం, ఒక టీచరు, ఇద్దరు పూర్వ విద్యార్థులు తోడుగా ఒక వాడకు పోవాలి. కార్డులు, పాసుపుస్తకాలు చదివి చెప్పాలి, అర్జీలు రాసిపెట్టాలి, పోయిన నెల రాసిన అర్జీ ఏమైందో అడగాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం, నాలుగు పెన్నులు, ఎండకు టోపీలు. టీచర్లకు ఒక్క మనవి. ఊరి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టించండి. దగ్గరి ఇళ్లవాళ్లు ఎలాగూ తమంతట తామే వచ్చి రాయించుకుంటారు.

మన బడి నాకు చాలా ఇచ్చింది. అందులో ఉద్యోగం, పింఛను ఉన్నాయి. మంచి దస్తూరి కూడా ఉంది. ఆ దస్తూరితో నేను చేసిన మొదటి పనిలో అయిదు ఇళ్లు వదిలేశాను. మళ్లీ వంక దాటమని పంపిన సారు ఇప్పుడు లేరు. ఆ వంక మీద ఇప్పుడు సిమెంటు వంతెన ఉంది. పోయిన నెల ఊరికి పోయినప్పుడు దాని మీద నుంచి నడిచి అవతలికి పోయాను. చివరి గుడిసె ఉన్నచోట పక్కా ఇల్లు ఉంది. గడపలో ఒక అమ్మాయి కూర్చుని హోంవర్క్ రాసుకుంటోంది. ఏ బడి అని అడిగితే మన బడి పేరే చెప్పింది. తొమ్మిదో తరగతట.